డెస్ ఇవ్వని ఒక్క సెకను

*ఆగస్టు నెలాఖరు, అక్కడ శీతాకాలపు ఆఖరి ఆదివారం, పొద్దున ఎనిమిది గంటలు. టిల్లీ పాయింట్‌లో సముద్రపు కొలను పక్కన, పైకప్పు లేని ఆడవాళ్ళ గది. బెంచీ మీద డెబ్బై ఎనిమిదేళ్ళ నోలీన్, డెబ్బై ఏడేళ్ళ వాల్డా.*

"రెండే కదే అడిగాను. రెండు సెకన్లు. ఆస్తి రాసిమ్మన్నానా?"

"అడగాల్సింది నన్ను కాదు నోలీన్, మా ఆయన్ని. స్టాప్‌వాచీ ఉండేది డెస్ మెళ్ళో, నా మెళ్ళో కాదు."

"ఆ మెడ రోజూ నీ పక్క దిండు మీదే కదా పడుకునేది? ఒక్క మాట చెవిలో వెయ్యలేకపోయావా?"

"కుడి చెవి పనిచెయ్యదు. ఎడమ చెవి గోడవైపు."

"వాల్డా."

"ఏంటి?"

"ఈవేళ నీకెన్ని సెకన్లు ముందిచ్చాడు?"

"ఎప్పుడూ ఇచ్చేవే."

"ఎన్ని?"

"ఇరవై నాలుగు."

"ఇరవై నాలుగు! నువ్వు దూకి, సగం కొలను ఈది, మధ్యలో ఓ కప్పు టీ తాగి, మనవరాలికి ఫోన్ చేసి, 'ఏమ్మా, తిన్నావా' అని అడిగాక అప్పుడు నేను దూకాలి!"

"నువ్వు ఒలింపిక్స్‌లో ఈదొచ్చినదానివమ్మా. నేనెంత? నెమ్మదిగా ఈదేవాళ్ళు ముందు దూకాలి, గట్టివాళ్ళు చివర దూకాలి, అందరూ ఒకేసారి గోడ ముట్టాలి. క్లబ్బు పుట్టినప్పట్నుంచీ ఇదే పద్ధతి."

"పద్ధతి నాకు చెప్పకు. అరవై ఏళ్ళుగా అందరికంటే చివర దూకేది నేనే. జనం వీపులు చూసి చూసి, ఈ ఊళ్ళో ఎవరి వీపు మీద ఎక్కడ పుట్టుమచ్చ ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను."

"మాంసం కొట్టు బారీకి?"

"ఎడమ భుజం కింద, బఠాణీ గింజంత. మాట మార్చకు."

"నేనేం మార్చలేదు."

"ఆ బోర్డు మీద ఎవరి పేరు లేదో చెప్పు. ఆఖరి ఆదివారం గెలిచినవాళ్ళ పేరు బంగారు రంగుతో రాస్తారు కదా. బారీ పేరు రెండుసార్లుంది. కుక్క ఈత ఈదే ఫాదర్ కెవిన్, కళ్ళు మూసుకుని ఈది పక్కావిడ కాళ్ళ మధ్య తేలిన మనిషి, ఆయన పేరూ ఉంది. నీ పేరు పదకొండుసార్లు..."

"పన్నెండు."

"పన్నెండు. నా పేరు లేదు. ఈ కొలన్లో సగం మందికి ఈత నేర్పింది నేను. బారీకి నీళ్ళంటే భయం పోగొట్టింది నేను. వాడి పేరుంది, నా పేరు లేదు."

"ఎందుకే నీకు ఆ బోర్డు? బహుమతి చూస్తే ఫ్రీజర్ కోడి. అదీ బారీ కొట్లో అమ్ముడుపోకుండా మిగిలిన కోడి."

"ఎందుకా? ఆదివారం ఆదివారం గెలిచే నీకేం తెలుస్తుంది! మీ ఫ్రీజర్లో ఉన్న కోళ్ళకి ఓటు హక్కిస్తే నువ్వు మేయరువి అయ్యేదానివి."

"నీ ఇంట్లో అలమార నిండా కప్పులున్నాయి."

"ఏమున్నాయి? రాష్ట్రం మొత్తానికి మొదటొస్తే చెంచాల పెట్టె ఇచ్చారు. మరుసటేడు మళ్ళీ మొదటొస్తే ఇస్త్రీపెట్టె. ఆడపిల్ల ఎంత వేగంగా ఈదినా వంటింట్లోకే ఈదాలని వాళ్ళ లెక్క."

"ఒలింపిక్స్ మరి?"

"ఒలింపిక్స్‌కి కోటు."

"పతకం గెలిచిన జట్టు కదే మీది."

"గెలిచింది జట్టు. రిలేలో పొద్దున ఈదింది నేను. సాయంత్రం ఫైనల్లో నా బదులు ఇంకో పిల్లని దింపారు. సాయంత్రం ఈదినవాళ్ళకే వెండి. పొద్దున ఈదినవాళ్ళు మెట్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టాలి. కొట్టాను. అరచేతులు వాచేలా కొట్టాను. అందుకే ఏదో ఒకటి, కోడైనా సరే, నేను ఈది గెలిచానని చేత్తో పట్టుకోవాలని ఉందే నాకు. తప్పా?"

"తప్పని ఎవరన్నారు? అది సరే, ఆ పచ్చకోటు ఈవేళ వేసుకొస్తానన్నావు, ఆఖరి రోజని?"

"ఇస్త్రీకిచ్చా."

"పోయినేడూ ఇస్త్రీకే ఇచ్చానన్నావు."

"ముడతలు ఎక్కువ. ఈత కళ్ళద్దాలు ఇలా ఇవ్వు."

"మూడు వారాలుగా నువ్వు ఈదిన ఈతకి, డెస్ నీకు రెండు సెకన్లిస్తాడని ఎలా అనుకున్నావే?"

"ఎందుకనుకోను? నలభై సెకన్లదాన్ని నలభై మూడులో ఈదాను, నలభై నాలుగులో ఈదాను. వయసు మీద పడింది."

"నటించటం నీకు రాదు నోలీన్. సగంలో ఆగి టోపీ లోపల జుట్టు సర్దుకున్నావు. గట్టు మీద కూర్చున్న సముద్రపు పిట్టలు కూడా నవ్వాయి."

"నువ్వు మహా నిజాయితీగా ఈదుతున్నట్టు! నీ పేరు పక్కన అరవై నాలుగు సెకన్లని రాసుంటుంది. మొన్న మార్చిలో కొలన్లోకి కుట్టే నీలి జెల్లీచేపలు కొట్టుకొచ్చిన రోజు ఎంతలో ఒడ్డెక్కావు? యాభై ఎనిమిది! నేను లెక్కపెట్టా!"

"అది ప్రాణభయం."

"మిగతా రోజుల్లో?"

"రాసిన టైము కంటే రెండు సెకన్లు ముందొస్తే పందెంలోంచి తీసేస్తారని రూలుంది కదా. నేను రూలు తప్పే మనిషిని కాదు. ఠంచనుగా అరవై మూడులో వస్తా."

"దొంగముండా."

"నీ నోట్లో చక్కెర పొయ్య."

"గురువారం నా తుంటి కోస్తున్నారు."

"... ఏంటి?"

"తుంటి. ఇనప కీలు పెడతారట. దిమ్మ మీంచి దూకటం ఇక లేదంది డాక్టరు. మెట్లు దిగి, కడ్డీ పట్టుకుని, ముసలమ్మలా మెల్లగా నీళ్ళలోకి దిగొచ్చట. అంటే పందెం ఇదే ఆఖరు."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఇప్పుడు చెప్పాగా."

"ఎప్పుడు తెలిసింది?"

"జూన్‌లో. చెప్తే నువ్వు సూప్ చేసి పట్టుకొస్తావని చెప్పలేదు. నీ సూప్ నాకు పడదు. ఏడవకు. ఏడుస్తున్నావా?"

"ఉప్పునీళ్ళు."

"ఇంకా నీళ్ళలోకే దిగలేదు. చూడు, మా నాన్న గనిలోంచి మొహం నిండా బొగ్గుతో వచ్చి, నా నడుముకి తాడు కట్టి ఈ కొలన్లోకే దించేవాడు. 'ఆ చివరిదాకా పోయిరా, కోకో ఇస్తా' అనేవాడు..."

"నాకు చెప్తావేంటే? పక్క తాడు నాదే కదా."

"నీదే. ఆ రెండు తాళ్ళలో ఒకటే ఒలింపిక్స్ విమానం ఎక్కింది. పదో వంతు సెకను తేడాతో నిన్ను ఇంట్లో కూర్చోబెట్టి పోయాను. అరవై ఏళ్ళలో ఒక్కసారైనా దెప్పలేదు నువ్వు. నేనైతే రోజుకి రెండుసార్లు దెప్పేదాన్ని, భోజనానికి ముందోసారి, తర్వాతోసారి."

"దెప్పటానికేముంది అందులో?"

"నువ్వు దెప్పవు కానీ మీ ఆయనకి ఆ కోపం పోలేదు. పెళ్ళాన్ని ఓడించిందని నా మీద కక్ష. అందుకే ఒక్క సెకను రాల్చడు."

"కక్ష కాదే."

"మరేంటి?"

"టోపీ పెట్టుకో."

"మరేంటని అడుగుతున్నా."

"టోపీ పెట్టుకోవే, పిలుస్తున్నారు!"

*కొలను గట్టు. ఎనభై ఏళ్ళ డెస్, మెళ్ళో స్టాప్‌వాచీ, చేతిలో పేర్ల పలక. అలలు గోడ దాటి కొలన్లోకి విరుచుకుపడుతున్నాయి.*

"అందరూ దిమ్మలు దిగండి! పెద్ద అలలు వరసగా ఉన్నాయి. ఇవి పోయేదాకా ఎవరూ దూకొద్దు. బారీ, నీక్కూడా చెప్తున్నా!"

"చలికి పొట్ట బిగుసుకుపోతోంది డెస్!"

"నీ పొట్ట బిగుసుకోవాలంటే ఈ చలికాలం చాలదు బారీ, ఇంకో రెండు కావాలి. పోయి గోడ చాటున నిలబడు. వాల్డా, తువ్వాలు కప్పుకో!"

"డెస్."

"లేవు."

"ఇంకా అడగనే లేదు!"

"నీ మొహం అడిగేసింది నోలీన్. రెండు సెకన్లు. లేవు."

"ఒకటి."

"లేదు."

"అర."

"ఇది చేపల బజారు కాదు. నీ టైము నలభై. చివర దూకేది నువ్వే. ఇరవై నాలుగు లెక్కపెట్టాక."

"మూడు వారాలుగా నలభై మూడు, నలభై నాలుగు. నీ పలక మీద నువ్వే రాశావు."

"రాసింది చేత్తో. చూసింది కళ్ళతో. నాకు నటన చూపించకు. అరవై ఏళ్ళుగా గడియారం పట్టినవాణ్ణి."

"మీ ఆవిడ నటన కనపడదా ఆ కళ్ళకి?"

"ఆవిడ ఈత ఆవిడది."

"యాభై ఎనిమిదిలో ఈదగలదని నీకు తెలుసా, తెలీదా?"

"అల వస్తోంది. పక్కకి జరుగు."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు! అరవకు, బారీ వింటాడు."

"మరి అరవై నాలుగని ఎందుకు రాస్తున్నావు? ఆరు సెకన్లు! ఆవిడకి ఆరు సెకన్లు ఊరికే ధారపోస్తావు, నాకు అర సెకను ఇవ్వటానికి చేతులు రావు. నీ పెళ్ళాం, నీ గడియారం!"

"అది వేరే సంగతి."

"ఏం సంగతి?"

"వేరే సంగతి."

"డెస్, ఇటు చూడు. గురువారం నాకు తుంటి ఆపరేషన్. ఇంక దిమ్మెక్కటం లేదు, దూకటం లేదు. ఇదే ఆఖరు. అందుకే పరువు చంపుకుని అడుగుతున్నా."

"... ఎవరన్నారు?"

"కోసే ఆవిడే అంది."

"నోలీన్, అలా చూడకు."

"నీకు నా మీద ఏం కోపమయ్యా? నేనేం చేశాను నిన్ను? మీ పెళ్ళికి కేకు చేశాను. మీ ఇద్దరు పిల్లలకీ ఈత నేర్పాను. ఇన్నేళ్ళలో ఒక్క సెకను, ఒక్క ఖర్మకాలిన సెకను..."

"కోపమా! నీకివ్వాల్సింది ఎప్పుడో ఇచ్చేశానే తల్లీ! ఇంకెన్నిసార్లివ్వను?"

"ఏమిచ్చావు?"

"ఏం లేదు. అలలు తగ్గాయి. అందరూ దిమ్మలు..."

"తగ్గలేదు! అదుగో ఇంకోటి వస్తోంది. ఏమిచ్చావు డెస్?"

"వదిలెయ్."

"చెప్పకపోతే ఆ పలక సముద్రంలో పారేస్తా. నా సంగతి నీకు తెలుసు."

"... సెలెక్షన్ పందెం గుర్తుందా?"

"నా పేరు గుర్తుందా అని అడిగినట్టుంది."

"రిలేకి ఒకటే చోటు మిగిలింది. నువ్వూ వాల్డా పక్కపక్క లేన్లలో. ఇద్దరూ ఒకేసారి గోడ ముట్టారు. ఎవరు ముందో కంటికి తేలలేదు, గడియారాలు చూశారు. ఒక్కొక్కరి లేన్‌కి మూడు గడియారాలు. మూడూ మూడు మాటలు చెప్తే మధ్యది లెక్క."

"తెలుసు. మధ్యది చూసి నాకు పదో వంతు ముందని చెప్పారు."

"ఆ మధ్యది నాది."

"నువ్వా? నా లేన్‌కి గడియారం పట్టింది నువ్వా?"

"ఇరవై ఏళ్ళవాణ్ణి. మొదటిసారి అంత పెద్ద పందెంలో నిలబెట్టారు. నీ చెయ్యి గోడకి తగలగానే నొక్కాలి. నేను... తగలకముందే నొక్కాను."

"ఎందుకు?"

"కళ్ళు గోడ మీద లేవు."

"ఎక్కడున్నాయి?"

"నీ మీద. అప్పట్లో నువ్వంటే నాకు కొంచెం... కొంచెమేలే."

"ఛీ! ఎనభై ఏళ్ళొచ్చాయి నీకు!"

"అప్పుడు ఇరవై! వేలు తొందరపడింది. చెప్దామని నోరు తెరిచేలోపు నిన్ను భుజాలకెత్తుకున్నారు. ఆ పక్క లేన్లో వాల్డా ఒక్కతే గోడ పట్టుకుని ఉంది, ఎవరూ చెయ్యందించలేదు. నేను పోయి అందించాను. అదీ మా పరిచయం."

"ఆవిడకి తెలుసా ఇది?"

"పెళ్ళికి వారం ముందు చెప్పాను. వేలి సంగతి చెప్పాను. కళ్ళ సంగతి చెప్పలేదు. ఆవిడేం అనలేదు. ఒక్క మాట అనలేదు. అప్పుడే ఒట్టు పెట్టుకున్నా, జన్మలో నీకింకో సెకను ఇవ్వకూడదని, ఆవిడకి ఎన్నివ్వగలిగితే అన్నివ్వాలని. అందుకే ఆ ఆరు."

"అంటే ఆ విమానంలో సీటు వాల్డాది."

"అలా అనకు."

"ఆ కోటు వాల్డాది. 'మన ఒలింపిక్ నోలీన్' అని ఈ ఊరు అరవై ఏళ్ళు పిలిచింది. పిల్లలు నన్ను చూడగానే లేచి నిలబడేవాళ్ళు. అదంతా నీ బొటనవేలా?"

"నువ్వే కదా చెప్పమన్నావు!"

"నేనడిగింది రెండు సెకన్లయ్యా! ఇమ్మంటే ఇవ్వకుండా అరవై ఏళ్ళు లాక్కున్నావు!"

"నోలీన్..."

"నా చెయ్యి పట్టుకోకు. పద, లెక్కపెట్టు. అలలు తగ్గాయి."

"నువ్వు ఈదగలవా?"

"నాకు తెలిసింది అదొక్కటే. లెక్కపెట్టు."

"అందరూ దిమ్మలెక్కండి! వాల్డా మొదట, పన్నెండుకి బారీ, ఇరవై నాలుగుకి నోలీన్. రెడీ... వాల్డా, వెళ్ళు! ఒకటి, రెండు, మూడు..."

"డెస్, మీ ఆవిడకేమైంది? సొరచేప తరుముతున్నట్టు పోతోంది!"

"నువ్వు నీ దిమ్మ చూసుకో బారీ. ఏడు, ఎనిమిది... ఇదేంటి వాల్డా, నెమ్మది! నెమ్మదిగా! పదకొండు, పన్నెండు, బారీ వెళ్ళు! అబ్బ, కొలన్లో సగం నీళ్ళు గట్టెక్కించాడు. పదిహేను, పదహారు..."

"డెస్."

"మాట్లాడకు, లెక్క తప్పుతుంది. పంతొమ్మిది, ఇరవై..."

"ఆ రోజు ఆవిడ ఏడ్చిందా?"

"ఏడవలేదు. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు, నోలీన్ వెళ్ళు! ... వెళ్ళు! నోలీన్! ఇరవై నాలుగైపోయింది! ఏం చేస్తున్నావక్కడ?"

"ఉండవయ్యా. పదో వంతు ఎంతసేపుంటుందో చూస్తున్నా."

"పది పదో వంతులైపోయాయి! దూకవే తల్లీ, దూకు!"

*కొలను అవతలి గోడ. నీళ్ళలో గోడ పట్టుకుని రొప్పుతున్న నోలీన్, వాల్డా. రెండు లేన్ల అవతల బారీ. గట్టు మీద డెస్.*

"వాల్డా! యాభై ఎనిమిది! రాసింది అరవై నాలుగు! ఆరు సెకన్లు ముందొచ్చావు, పందెంలోంచి ఔట్!"

"అయ్యో, ఔటా? చూశావా డెస్, వయసైపోయింది, లెక్క తప్పాను. పోనీలే, నోలీన్ గెలిచింది కదా?"

"లేదు. బారీ గెలిచాడు."

"ఎవరు?"

"బారీ. నోలీన్ కంటే చెయ్యంత ముందు."

"నేనా? డెస్, నేనా గెలిచింది? బహుమతేంటి?"

"ఫ్రీజర్ కోడి."

"అది నా కొట్లోదే! పొద్దున నేనే మోసుకొచ్చాను!"

"అయితే మళ్ళీ మోసుకుపో. బోర్డు మీద నీ పేరు మూడోసారి. ఎక్కు పైకి, చలికి నీలం తిరుగుతున్నావు."

"నోలీన్! ఒసేయ్ నోలీన్! ఇలా రా, వాడు పోయాడు. బారీ చేతిలో ఎలా ఓడిపోయావే? నీ కోసం ఊపిరాడకుండా ఈది ఔటయ్యాను! ఈవేళ నువ్వు గెలవాలని!"

"కావాలనే ఔటయ్యావా?"

"మరి? తుంటి కథ చెప్పి నా గుండె కోశావు కదా. బారీని ఎప్పుడైనా దాటగలవు నువ్వు. ఎందుకు ఓడిపోయావు?"

"దిమ్మ మీద ఒక సెకను నిలబడ్డా."

"ఎందుకు? తుంటి పట్టేసిందా?"

"తుంటి కాదు."

"చలా?"

"వాల్డా, మీ ఆయన చెప్పేశాడు."

"ఏం చెప్పాడు?"

"బొటనవేలి సంగతి."

"అయ్యో దేవుడా. చెప్పేశాడా? అరవై ఏళ్ళు కడుపులో పెట్టుకుని ఈవేళే కక్కాడా, చచ్చు పీనుగ!"

"ఆ సెకను నాది కాదే. నాది కానిదాన్ని నేనెలా ఈదను? నీ చోటు తీసుకుని నీ విమానం ఎక్కి పోయాను. నువ్వేమో నా సామాను సర్దావు. నా నడుం చుట్టూ చెయ్యేసి, 'బాగా ఈదు' అన్నావు. నాకు సిగ్గుగా ఉంది వాల్డా. చచ్చిపోవాలన్నంత సిగ్గుగా ఉంది."

"నోర్ముయ్."

"నువ్వు వెళ్ళుంటే సాయంత్రం కూడా నిన్నే దింపేవాళ్ళేమో. పతకం వచ్చేదేమో."

"నోర్మూసుకోమన్నానా! నోలీన్, నీకో మాట చెప్తా. డెస్‌కి చెప్పనని ఒట్టెయ్యి."

"ఇంకేముంది చెప్పటానికి?"

"ఒట్టెయ్యి ముందు. నీ పచ్చకోటు మీద."

"కోటు మీద ఒట్టు."

"నిజంగా?"

"నిజంగా కోటు మీదే ఒట్టు. చెప్పు, పళ్ళు కొట్టుకుంటున్నాయి."

"ఆ రోజు సగం పందెంలో మలుపుంది కదా. చెయ్యి గోడకి తగిలించి తిరగాలి."

"ఆఁ. తగలకపోతే ఔట్."

"నా చెయ్యి తగల్లేదు."

"ఏంటీ?"

"జానెడు దూరంలోనే తిరిగేశా. నువ్వు నాకంటే ముందు తిరిగావని కంగారు. మలుపు చూడాల్సిన ఆయన అప్పుడే ముక్కు చీదుకుంటున్నాడు. ఎవరూ చూళ్ళేదు. అందుకే నీతో సమానంగా రాగలిగాను. లేకపోతే నువ్వు నాకంటే చేతి పొడుగు ముందుండేదానివి."

"వాల్డా..."

"ఆ గోడ పట్టుకుని ఎందుకు నిలబడిపోయాననుకున్నావు? ఎవరో ఒకరొచ్చి చెయ్యెత్తి, 'ఈ పిల్ల గోడ ముట్టలేదు' అంటారని. నా పేరు చదువుతారేమోనని కళ్ళు గట్టిగా మూసుకున్నా. నీ పేరు చదివారు. హమ్మయ్య అనుకున్నా. డెస్ వేలు తొందరపడ్డా, పడకపోయినా ఆ చోటు నీదే. మొదట్నుంచీ నీదే."

"నాదే?"

"నీదే."

"మళ్ళీ చెప్పు."

"నీదేనే పిచ్చిదానా! విమానం నీది, కోటు నీది, అరచేతులు వాచేలా కొట్టిన చప్పట్లు నీవి. దానికోసం ఈవేళ దిమ్మ మీద ఒక సెకను నిలబడి కోడిని బారీకిచ్చావు! ఇదిగో, ఇప్పుడు నువ్వేడుస్తున్నావు."

"ఉప్పునీళ్ళు. ఉండు. ఉండుండు. పెళ్ళికి ముందు మీ ఆయన వేలి సంగతి చెప్పినప్పుడు, నువ్వు ఈ సంగతి చెప్పలేదా?"

"చెప్దామనుకున్నా."

"ఎప్పుడు?"

"పెళ్ళయ్యాక. పెళ్ళైన మర్నాడు పొద్దున్నే లేచి టీ పెట్టి మంచం దగ్గరికి తెచ్చాడు. సరే, రేపు చెప్దామనుకున్నా. రేపూ తెచ్చాడు."

"వాల్డా!"

"తర్వాత అంట్లు తోమటం మొదలుపెట్టాడు. పిల్లలు పుడితే రాత్రుళ్ళు ఆయనే లేచాడు. ఆ పైన ఈ ఆరు సెకన్లు. నేను అడగలేదే! ఆయనే ఇచ్చుకుంటూ పోయాడు. ఎక్కడని ఆపను?"

"యాభై ఆరేళ్ళు? ఆ మనిషి చేత యాభై ఆరేళ్ళు అంట్లు తోమించావా?"

"చెప్తే రేపట్నుంచి ఎవరు తోముతారే?"

"ఏంటా గుసగుసలు మీ ఇద్దరూ? చలికి చస్తారు, పైకి రండి! వాల్డా, నీకు టీ పోసి ఉంచా!"

"డెస్! టీ అక్కడ పెట్టి ఇలా రావయ్యా. మీ ఆవిడ నీకేదో చెప్పాలంటోంది!"

"నోలీన్! ఒట్టేశావే! కోటు మీద ఒట్టేశావు!"

"కోటెక్కడుందే? రెండేళ్ళ కిందటే చిమ్మటలు తినేశాయి."